నీళ్ల మీద రాయి గంతులేయాలంటే: రాయి ఏరడం నుంచి పది గంతులు దాటేదాకా

"నేను విసిరితే ఒక్క గంతేసి బుడుంగున మునిగిపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే మొత్తం వరసగా రాసేస్తే నయం అనిపించింది. మేం చిన్నప్పుడు దీన్ని కప్పగంతులు అనేవాళ్లం. మీ ఊళ్లో ఇంకో పేరు ఉండొచ్చు, ఆట మాత్రం ఒకటే: చదునైన రాయిని నీటి మీదుగా విసిరితే అది మునగకుండా ఎన్ని గంతులు వేసిందో లెక్కపెట్టడం.

మాది జమ్మలమడుగు వైపు. కడప బండ గనులున్న ప్రాంతం కాబట్టి పలచటి రాతి ముక్కలకు కరువు లేదు, పెన్నా మీద మైలవరం రిజర్వాయర్ కూడా దగ్గరే. ఇందులో రాసిందంతా అక్కడ నేర్చుకున్నదీ, తర్వాత చదివి సరిచూసుకున్నదీ. కుడిచేతి వాటం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను, ఎడమచేతి వాళ్లు కుడి ఎడమలు మార్చుకుని చదవండి.

## 1. మొదలుపెట్టే ముందు తెలియాల్సింది: బలం కాదు, తిరుగుడు

నూటికి తొంభై మంది చేసే పొరపాటు గట్టిగా విసరడం. రాయిని గంతులేయించేది చేతి బలం కాదు, రాయి తన చుట్టూ తాను తిరిగే వేగం. బొంగరం గుర్తుచేసుకోండి. గిర్రున తిరిగినంతసేపు నిటారుగా నిలబడుతుంది, వేగం తగ్గగానే తూలి పడిపోతుంది. రాయి కూడా అంతే. తిరుగుతున్న రాయి నీటిని తాకినా తన వాలు పోగొట్టుకోదు. తిరగని రాయి తాకీ తాకగానే ముక్కు కిందికి పెట్టి మునుగుతుంది.

రెండోది, రాయి ఎంత వాలుగా నీటిని తాకుతుందన్నది. ఫ్రాన్స్‌కు చెందిన క్లానే, హెర్సన్, బోకే అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీని కోసం ఒక యంత్రంతో అల్యూమినియం బిళ్లను నీటి మీదికి విసిరి చూశారు. 2004లో నేచర్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. బిళ్ల ముందంచు నీటి మట్టానికి 20 డిగ్రీలు పైకి లేచి ఉంటే అన్నిటికంటే బాగా ఎగురుతుందని తేలింది. ఆ వాలులో రాయి నీటిని అంటుకుని ఉండే సమయం తక్కువ, అందుకే పోగొట్టుకునే వేగం కూడా తక్కువ.

కింద రాసినవన్నీ ఈ రెండింటి కోసమే: గిర్రున తిరగాలి, 20 డిగ్రీల దగ్గర తాకాలి.

## 2. రాయి ఏరడం

ఇక్కడ తొందరపడొద్దు. అరగంట ఆడాలనుకుంటే పావుగంట రాళ్లు ఏరడానికే పోనివ్వండి. చెడ్డ రాయితో ఎంత బాగా విసిరినా నాలుగు గంతులు దాటవు, అప్పుడు తప్పు చేతిదా రాయిదా అన్నది కూడా తెలియదు.

కొలతలు. వెడల్పు 6 నుంచి 8 సెంటీమీటర్లు, అంటే మామూలు స్టీలు గ్లాసు మూతంత. మందం గ్లూకోజ్ బిస్కెట్ కంటే కాస్త ఎక్కువ, 7, 8 మిల్లీమీటర్లు. ఈ కొలతల్లో ఉన్న రాయి సుమారు 80 గ్రాములు తూగుతుంది, ఒకటిన్నర కోడిగుడ్డు బరువనుకోండి. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియాలి కానీ వేళ్లు లాగకూడదు. మరీ తేలికైనది గాలికి లేచి పక్కకు పోతుంది.

ఆకారం. అచ్చంగా గుండ్రంగా ఉండాలని చాలామంది వెతుకుతారు, అక్కర్లేదు. ఒక వైపు చిన్న మూలో నొక్కో ఉంటే ఇంకా మంచిది, చూపుడువేలు అక్కడ కుదురుగా కూర్చుంటుంది, వదిలేటప్పుడు జారదు. అడుగు భాగం మాత్రం చదునుగా ఉండాలి. పైభాగం కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా నష్టం లేదు.

ఎక్కడ దొరుకుతుంది? ఇది ఊరిని బట్టి ఉంటుంది. పొరలు పొరలుగా చీలే రాయి కావాలి. కడప బండ, బేతంచర్ల బండ, తాండూరు బండ ఇవన్నీ అలాంటి సున్నపురాళ్లే. మార్కాపురం పలకరాయి అయితే మరీ బాగుంటుంది. ఒకప్పుడు బడిపిల్లలు రాసుకున్న పలకలు దానితో చేసినవే. స్కాట్లాండ్‌లోని ఈస్‌డేల్ దీవిలో ఏటా జరిగే ప్రపంచ పోటీలో వాడేదీ పలకరాయే, ఆ దీవి కూడా పాత పలకరాతి గనుల దీవే.

హైదరాబాద్ వాళ్లకు ఇక్కడే కష్టం. చుట్టూ ఉన్నది గ్రానైట్, అది పొరలుగా చీలదు, ఏరితే గుండ్రాళ్లు, పలుకురాళ్లు తప్ప చదునైనవి దొరకవు. ఏదైనా బండల షాపుకు వెళ్లి అడగండి, తాండూరు, షాబాద్ బండలు కోసినప్పుడు మిగిలిన ముక్కలు ఒక మూల కుప్పగా పడి ఉంటాయి, చాలాచోట్ల ఊరికే ఇచ్చేస్తారు. గోదావరి ఒడ్డున రాజమండ్రి వైపు ఇసుకే ఎక్కువ, అక్కడివాళ్లు ఇంటి నుంచే నాలుగు రాళ్లు సంచిలో వేసుకెళ్లడం మేలు.

పెంకు ముక్కలతో కూడా ఆడొచ్చు, చిన్నప్పుడు అందరం ఆడినవాళ్లమే. కానీ ఇంటి పెంకుకు వంపు ఉంటుంది, పైగా తేలిక, కాబట్టి ఐదారు గంతులకు మించి ఆశ పెట్టుకోవద్దు. బాత్రూం టైల్స్ ముక్కలు, గాజు మాత్రం వద్దే వద్దు. అవి నీళ్లలో ఎవరి కాలికింద పడతాయో తెలియదు.

ముక్కను సరిచేయడం. షాపు ముక్కల అంచులు కత్తిలా ఉంటాయి. ఎక్కువ తోసుకొచ్చిన మూలలను చిన్న సుత్తితో తట్టి రాల్చి, అంచంతా గరుకు గచ్చు మీద కాస్త నీళ్లు పోసి అరగదీయండి. ఒక్కో రాయికి ఐదు నిమిషాలు పడుతుంది. సుత్తి పట్టుకుంటే కళ్లజోడు తప్పనిసరి, సన్నటి పలుకులు ఎగురుతాయి. (ఈస్‌డేల్ పోటీలో చెక్కిన రాళ్లు ఒప్పుకోరు, సహజంగా దొరికినదే వాడాలి, అదీ 3 అంగుళాల వెడల్పు మించకూడదు. మనది పోటీ కాదు కాబట్టి పరవాలేదు.)

చివరి పరీక్ష. రాయిని రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని ఇంకో రాయితో తట్టండి. కంగున మోగితే మంచిది. డొక్కు శబ్దం వస్తే లోపల బీట ఉన్నట్టు, మొదటి దెబ్బకే రెండు ముక్కలవుతుంది.

సంచిలో వేసుకునే ముందు:

- స్టీలు గ్లాసు మూతంత వెడల్పు ఉందా?
- అడుగు చదునుగా ఉందా?
- చూపుడువేలు ఆనడానికి చోటు ఉందా?
- అంచు చేతికి కోసుకోకుండా ఉందా?
- తడితే కంగుమంటోందా?

మొదటి రోజుకు ఇలాంటివి 25 రాళ్లు సిద్ధం చేసుకోండి. అన్నీ దాదాపు ఒకే సైజులో ఉంటే చేతికి అలవాటు తొందరగా పడుతుంది.

## 3. చోటు, వేళ

నీళ్లు కదలకుండా ఉండాలి. పొద్దున్నే, గాలి లేవకముందు వెళ్లండి. సాయంత్రం వెళ్లాల్సి వస్తే కట్టో గుట్టో గాలికి అడ్డుగా ఉన్న వైపు ఎంచుకోండి. చిన్న చిన్న అలలకు భయపడక్కర్లేదు, బెత్తెడు అలలు లేస్తుంటే మాత్రం ఆ రోజు రాళ్లు ఏరుకుని ఇంటికి రావడమే.

ఇప్పుడు అసలు విషయం. చెరువు కట్ట మీద నిలబడి విసరొద్దు. నీటి అంచుకు దిగండి. ఎందుకో లెక్కతో చెప్తాను. రాయిని సెకనుకు 12 మీటర్ల వేగంతో నేరుగా ముందుకు వదిలారనుకోండి. చేయి నీటికి మీటరు ఎత్తులో ఉంటే రాయి దాదాపు 20 డిగ్రీల వాలులో దిగి (ఇది రాయి దిగే దారి వాలు, పైన చెప్పిన ముందంచు వాలు వేరు), ఐదు మీటర్ల దూరంలో నీటిని తాకుతుంది. అదే చేయి 3 మీటర్ల ఎత్తులో ఉంటే 33 డిగ్రీల వాలులో దిగుతుంది, అంటే దాదాపు గుచ్చుకున్నట్టే. అరమీటరు ఎత్తులో వదిలితే 15 డిగ్రీలు. ఎత్తు ఎంత తగ్గితే అంత మంచిది, అందుకే మోకాళ్లు వంచమనేది.

సెకనుకు 12 మీటర్లంటే గంటకు 43 కిలోమీటర్లు. ఊళ్లో బండి మీద పోయే స్పీడు. క్రికెట్‌లో మీడియం పేసర్ బంతి గంటకు 120 పైన వస్తుంది, అందులో సగం కూడా మనకు అక్కర్లేదు. గట్టిగా విసరొద్దు అని మళ్లీ మళ్లీ చెప్పేది ఇందుకే.

చోటు విషయంలో జాగ్రత్తలు. ఇవి దాటేయకుండా చదవండి.

- ముందు 60 మీటర్ల దాకా, పక్కలకు ఇటూ అటూ 20 మీటర్లు ఎవరూ ఉండకూడదు. రాయి నేరుగానే పోతుందన్న నమ్మకం లేదు, చివర్లో వంకర తిరుగుతుంది.
- స్నానాల రేవులు, బట్టలుతికే చోట్లు, గేదెలు దిగే చోట్లు, చేపల వలలు కట్టిన చోట్లు వదిలేయండి. వల తెగితే ఒకరి ఆ రోజు కూలి పోయినట్టే.
- కొంగలు, బాతులు వాలి ఉంటే అవి లేచేదాకా ఆగండి, లేదా పక్కకు జరగండి.
- కట్టకు పేర్చిన రివిట్‌మెంట్ రాళ్లు పీకొద్దు. ఒక్క రాయి కదిలితే అలలు అక్కడే మట్టిని కోస్తాయి.
- డ్యాం దిగువన నదిలోకి దిగొద్దు. 2014 జూన్‌లో హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద నిలబడిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. నీళ్లు తక్కువగా, ప్రశాంతంగా కనిపించినప్పుడే ఈ ప్రమాదం. సైరన్ వినపడుతుందిలే అనుకోవద్దు.
- పాచి పట్టిన మెట్లు, నల్లరేగడి ఒడ్డు రెండూ జారుతాయి. చెప్పులు తీసేసి కాదు, పట్టున్న చెప్పులతో నిలబడండి.

అమెరికాలో ఉన్నవాళ్లు గమనించాల్సింది: అక్కడి నేషనల్ పార్కుల్లోంచి రాళ్లు తీసుకుపోవడం నిషేధం. మిషిగన్ వాళ్లకు ఇంకో విషయం, అక్కడి మాకినా దీవిలో ఏటా జులై 4న రాళ్ల పోటీ పెడతారు, వీలైతే వెళ్లి పక్కన నిలబడి చూడండి, మణికట్టు ఎలా విరుస్తారన్నది దగ్గర్నుంచి చూస్తే సగం అర్థమైపోతుంది.

## 4. పట్టు

చేతులు, రాయి రెండూ పొడిగా ఉండాలి. తువ్వాలు ఒకటి భుజాన వేసుకోండి.

ముందు రాయి అడుగున మధ్యవేలు పెట్టండి, ఉంగరపు వేలూ చిటికెనవేలూ లోపలికి ముడుచుకోవాలి. మధ్యవేలి పక్కభాగం రాయికి బల్లలా ఆసరా. పైన బొటనవేలు, అదిమి పట్టినట్టు కాకుండా ఆనించినట్టు. ఇక చూపుడువేలు రాయి అంచు చుట్టూ వంచి, చివరి కణుపు దాకా అంచుకు ఆనేలా పెట్టండి. రాయికీ, బొటనవేలి మొదట్లో ఉండే సందుకీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. రాయి ఆ సందులోకి దూరిపోతే వదిలేటప్పుడు ఇరుక్కుంటుంది.

బొంగరానికి తాడు చేసే పని ఇక్కడ చూపుడువేలు చేస్తుంది. తాడు లాగినప్పుడు బొంగరం ఎలా తిరుగుతుందో, రాయి అంచు చూపుడువేలి మీదుగా దొర్లుకుంటూ పోయేటప్పుడు అలా తిరుగుతుంది. చేతిలోంచి చివరగా విడివడేది వేలి కొసే కావాలి. కడప బండతో ఓ గంట ఆడితే చూపుడువేలి లోపలి పక్కన, పై కణుపు నుంచి కొస దాకా, బూడిద రంగు గీత పడుతుంది. ఆ గీత చూసుకోండి. కొస దాకా పడిందంటే పట్టు సరైనదే. మధ్య కణుపు దగ్గరే ఆగిపోయిందంటే రాయి తిరగకుండా ముందే జారిపోతోంది. గీత అసలు లేకుండా బొటనవేలికి దుమ్ము అంటిందంటే గుప్పిట బిగించి విసురుతున్నారని అర్థం.

## 5. వాలు: 20 డిగ్రీలు ఎలా తెలుస్తాయి?

కోణమాని పట్టుకుని చెరువుకు ఎవరూ వెళ్లరు. ఒక పాత పేపరు ముక్క చాలు. దాని మూల 90 డిగ్రీలు. ఆ మూలను సగానికి మడిస్తే 45. ఇంకోసారి సగానికి మడిస్తే 22 చిల్లర. మనకు కావాల్సింది దాదాపు అదే. ఆ మడతను బల్ల మీద పెట్టి, పక్కన రాయిని అదే వాలులో పట్టుకుని ఒక నిమిషం చూడండి. మనం అనుకున్న దానికంటే తక్కువ వాలే అని తెలుస్తుంది, చాలామంది 45కు దగ్గరగా పట్టుకుంటారు.

ఈ వాలు చేతికి ఎలా వస్తుందంటే, వదిలే క్షణంలో అరచేయి ముందుకు చూస్తూ, కొద్దిగా ఆకాశం వైపు తిరిగి ఉండాలి. అరచేయి నేల వైపు తిరిగిందంటే రాయి ముక్కు కిందికి పోతుంది, ఇక గంతు లేదు.

కుడి ఎడమ అంచులు మాత్రం సమానంగా ఉండాలి. ఏ అంచు కిందికి వాలితే రాయి అటే తిరుగుతుంది.

## 6. విసరడం, వరసగా

మొదటి రోజు దీన్ని ఒకేసారి చేయొద్దు, ముందు ఖాళీ చేత్తో పదిసార్లు చేయండి.

1. ఎడమ భుజం నీటి వైపు ఉండేలా పక్కకు తిరిగి నిలబడండి. కాళ్ల మధ్య భుజాలంత ఎడం.
2. మోకాళ్లు వంచి, నడుం కుడి పక్కకు కాస్త వంచండి. చేయి మోకాలి ఎత్తుకు రావాలి.
3. చేయి వెనక్కి తీసుకెళ్లండి. ఆ చివర మణికట్టు కూడా వెనక్కి మడవండి. ఈ మడత మర్చిపోతే తర్వాత విరవడానికి ఏమీ ఉండదు.
4. ఎడమ కాలు అరడుగు ముందుకు వేస్తూ బరువు దాని మీదికి మార్చండి.
5. నడుం తిరగాలి, దాని వెనక భుజం, తర్వాత మోచేయి, అన్నిటికంటే చివర మణికట్టు. మోచేయి పక్కటెముకలకు దగ్గరగా రావాలి.
6. చేయి ముందు కాలి దగ్గరికి రాగానే మణికట్టు టప్పున విరవండి, చూపుడువేలితో అంచును లాగండి.
7. చేయి అక్కడ ఆపకుండా ఎడమ తుంటి దాకా పోనివ్వండి.

కళ్లు రాయి మీద కాదు, నీటి మీద నాలుగైదు మీటర్ల దూరంలో ఒక చోటు మీద నిలపండి. మొదటి గంతు అక్కడ పడాలి. మరీ దూరంగా చూస్తే చేయి తెలియకుండానే పైకి లేస్తుంది.

మా అక్క కొడుకు స్కూలు టీంలో ఫాస్ట్ బౌలర్. పోయిన సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మైలవరం దగ్గర నీటి అంచుకు తీసుకెళ్లాను. భుజం ఊడిపోయేలా విసురుతున్నాడు, రాయి ఒక్క గంతుకు తలెత్తు లేచి గుభేలున పడుతోంది. "మామా, ఈ రాళ్లు మంచివి కావు" అన్నాడు. కుడి మోకాలి మీద కూర్చోమన్నాను, మోచేయి పక్కటెముకలకు ఆనించి అక్కణ్నుంచి కదపొద్దన్నాను, మణికట్టుతో మాత్రమే వదలమన్నాను. మూడో రాయికి ఐదు గంతులు. రాయి పెద్ద దూరం కూడా పోలేదు, ముందున్న తుమ్మచెట్టు నీడ దాటలేదు, కానీ చప్ చప్ మంటూ ఐదు వలయాలు వరసగా నీళ్ల మీద మిగిలాయి. వాడు వాటిని వేలితో లెక్కపెట్టి నా వైపు చూశాడు. రాయి అదే కుప్పలోది.

## 7. వారం రోజుల సాధన

మొదటి రెండు రోజులు నీళ్లే అక్కర్లేదు. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ డబ్బా మూతను అదే పట్టుతో, అదే మణికట్టుతో విసరండి. మూత తడబడకుండా చదునుగా పోతుందా అన్నదే చూడాలి. మూతకు అడ్డంగా ఒక గీత గీయండి, తిరుగుడు బాగుంటే గీత కనిపించదు, చెదిరిపోయి మసకగా అవుతుంది. గీత తూలుతూ కనబడితే వేలు పని చేయలేదన్నట్టు.

మూడో రోజు నీళ్ల దగ్గర, మోకాలి మీద కూర్చుని, మణికట్టు మాత్రమే. లక్ష్యం మూడు గంతులు. 25 రాళ్లలో పదిహేనింటికి మూడొస్తేనే ముందుకు వెళ్లండి, లేకపోతే నాలుగో రోజు కూడా ఇదే.

తర్వాత రెండు రోజులు అలాగే కూర్చుని మోచేయి కలపండి. ఆ తర్వాతే నిలబడి నడుం, భుజం. నిలబడగానే గంతులు తగ్గుతాయి, అందరికీ తగ్గుతాయి, ఎందుకంటే ఎత్తు పెరిగింది, చేతికి కొత్త. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

రోజుకు 30, 40 రాళ్లు మించొద్దు. మొదలుపెట్టే ముందు భుజాలు, మణికట్లు రెండు నిమిషాలు తిప్పండి. మోచేయి లోపలి పక్కన సలుపు మొదలైందంటే ఆ రోజుకు ఆపేయాలి, రెండు రోజులు విరామం ఇవ్వాలి. కీబోర్డు మీద పని చేసే చేతులకు ఈ నొప్పి పట్టుకుంటే తొందరగా వదలదు.

## 8. తప్పులు, సవరణలు

తాకగానే మునిగిపోతోంది. మూడు కారణాలు ఉంటాయి. ముక్కు కిందికి ఉండటం, చాలా ఎత్తు నుంచి వదలడం, తిరుగుడు లేకపోవడం. ఇదే వరసలో సరిచూడండి. అరచేయి కాస్త పైకి తిప్పండి, తగ్గకపోతే మోకాలి మీద కూర్చోండి, అప్పటికీ అంతే అయితే వేలి మీద గీత చూసుకోండి.

మొదటి గంతు బాగా పైకి లేచి, రెండోదానికి మునుగుతోంది. వాలు ఎక్కువైంది, లేదా నీటి మీదికి కొట్టినట్టు విసురుతున్నారు. నీటిని కొట్టొద్దు, నీటి మీదుగా పంపించండి. మొదటి గంతు పొడవుగా, ఎత్తు తక్కువగా ఉండాలి.

ఎడమకు పోతోంది. చేయి భుజం పైనుంచి వస్తోంది, దాంతో ఎడమ అంచు కిందికి వాలుతోంది. చేతిని ఇంకా పక్కకు, కిందికి తీసుకురండి.

కుడికి పోతోంది. దీనికి రివర్స్. చేయి మరీ కింద వేలాడుతోంది, కుడి అంచు దిగిపోతోంది. మణికట్టు బిగువుగా ఉంచండి. (చివరి గంతుల్లో వేగం తగ్గాక రాయి కొంచెం వంకర తిరగడం మామూలే, దాన్ని తప్పుగా లెక్కపెట్టుకోవద్దు.)

గాల్లోనే తూలుతోంది. రాయి వదిలే క్షణంలో బొటనవేలు అదుముతున్నారు. ఈ ఒక్క తప్పు దిద్దుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. బొటనవేలిని వదులు చేసి, కావాలని నెమ్మదిగా పది రాళ్లు విసరండి.

నాలుగైదు దాటడం లేదు, మిగతా అంతా సరిగ్గానే ఉంది. రాయి మార్చండి. కాస్త బరువైనది, 100 గ్రాముల పైన ఉన్నది తీసుకోండి. తేలిక రాయి నీటిని తాకిన ప్రతిసారీ వేగం ఎక్కువ పోగొట్టుకుంటుంది.

ఒకరోజు పన్నెండు, మర్నాడు మూడు. గాలి, అలలు, రాళ్లు ఈ మూడూ ముందు చూడండి. చేతిని అనుమానించడం చివర.

## 9. పిల్లలతో ఆడేటప్పుడు

చిన్న చేతికి చిన్న రాయి: 4, 5 సెంటీమీటర్లు, 30 గ్రాముల లోపు. పిల్లల చేతివేగం తక్కువ కాబట్టి నిలబడి విసిరితే రాయి నిట్రంగా దిగుతుంది. సెకనుకు 8 మీటర్ల వేగంతో మీటరు ఎత్తు నుంచి వదిలితే దాదాపు 29 డిగ్రీలు. అదే మోకాళ్ల మీద కూర్చుని అరమీటరు ఎత్తు నుంచి వదిలితే 21 డిగ్రీలకు వచ్చేస్తుంది. కాబట్టి పిల్లల్ని కూర్చోబెట్టండి, ఆరేడేళ్ల పిల్లలకు కూడా మొదటి పూటే రెండు గంతులు వస్తాయి.

పిల్లలు విసిరేటప్పుడు రాయి ఎటైనా పోగలదు, వెనక్కి కూడా. ఒకరు విసురుతుంటే మిగతావాళ్లు అందరూ వెనక నాలుగు బారల దూరంలో ఉండాలి. నీళ్లలో పడ్డ రాయి తెచ్చుకుంటామని దిగకుండా చూసుకోండి, రిజర్వాయర్ల అంచు ఒక్క అడుగులో లోతైపోతుంది.

## 10. పది దాటాక

ఇక్కడి నుంచి లెక్కపెట్టడమే కష్టం. చివరి గంతులు బెత్తెడు, జానెడు దూరంలో జరజరా పడతాయి, కంటికి అందవు. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి, విసిరే మనిషి వెనకనుంచి కాకుండా పక్కనుంచి, ఒడ్డు వెంట పదడుగుల దూరంలో నిలబడి తీయమనండి. అరచేయి ఎటు చూస్తోంది, మణికట్టు ఎప్పుడు విరిగింది అన్నవి కూడా అందులోనే కనబడతాయి, ఇది ఏ గురువు చెప్పినదానికన్నా ఎక్కువ నేర్పుతుంది. ప్రపంచ రికార్డు 88 గంతులు, 2013లో పెన్సిల్వేనియాలో కర్ట్ స్టైనర్ వేసినవి, దాన్ని కూడా వీడియో చూసే లెక్కతేల్చారు.

గంతులు పెంచుకోవడం వేరు, దూరం పెంచుకోవడం వేరు. ముందే తేల్చుకోండి. ఈస్‌డేల్ పోటీలో గంతుల లెక్కకు బదులు రాయి ఎంత దూరం పోయిందో కొలుస్తారు. దూరం కావాలంటే మొదటి తాకిడి ఇంకా ముందుకు, పది మీటర్ల అవతలికి జరపాలి, వేగం పెంచాలి, అప్పుడు భుజం పని మొదలవుతుంది. గంతులు కావాలంటే వేగం కొంచెం పెంచి, తిరుగుడు ఇంకా పెంచాలి, చేయి ఇంకా కిందికి రావాలి. రెండూ ఒకే రోజు సాధన చేస్తే చేతికి ఏదీ పట్టదు.

అన్నీ వచ్చేశాయి, కొత్తగా ఏమైనా చేద్దామనుకుంటే అడుగు కాస్త వంపు తిరిగిన బరువు రాయి ఒకటి ప్రయత్నించండి. అలాంటి రాయి గంతుల సంఖ్య తగ్గించినా, వాలు కుదిరితే ఒక్కసారి చాలా ఎత్తు లేవగలదని పామర్, స్మిత్ అనే ఇద్దరు గణితవేత్తలు 2023లో లెక్కలు కట్టి చూపించారు. మా దగ్గర గుండ్రంగా అరిగిన పెన్నా రాయితో చూశాను, ఇరవై రాళ్లలో రెండే లేచాయి, కానీ ఆ రెండూ మనిషెత్తు లేచాయి. దీన్ని చుట్టూ ఎవరూ లేనప్పుడే చేయండి, ఆ రాయి ఎటు దిగుతుందో చెప్పలేం.

బాగా పలికిన రాయి నీళ్లలోకి పోయింది కదా, తిరిగి రాదు. అందుకే విసిరే ముందు ప్రతి రాయినీ ఫోన్‌లో గ్లాసు మూత పక్కన పెట్టి ఫొటో తీసి ఉంచండి, ఎన్ని గంతులేసిందో కింద రాసుకోండి. నాలుగు వారాలకు మీ చేతికి ఏ సైజు, ఏ మందం కుదురుతుందో ఆ ఫొటోలే చెప్తాయి. తర్వాత బండల షాపులో కుప్ప ముందు నిలబడినప్పుడు చేయి దానంతట అదే సరైన ముక్క మీదికి పోతుంది.